లెన్సు మావ రెండో పరుగు

ఆయన పోయిన సంగతి నాకు ఫ్లెక్సీ చెప్పింది. పాడేరు బస్టాండులో మరుగుదొడ్ల గోడకి కట్టారు దాన్ని. పైన వరసగా నాయకులు, ఒక్కొక్కరి తల గుమ్మడికాయంత. వాళ్ళ కింద చేతులు జోడించిన కుర్ర నాయకులు. అందరికీ అడుగున, కుడిచేతి మూల, బస్సు చక్రాలు చిమ్మిన బురద పడేచోట అరచేతిలో పట్టేంత ముఖం ఒకటి. శ్రద్ధాంజలి ఆ ముఖానికి. బతికినన్నాళ్ళూ ముఖ్య అతిథుల్ని కొండల్లాగా, పిల్లల్ని చీమల్లాగా ఫోటోలు తీసిన మనిషికి తగిన శాస్తే జరిగిందనుకున్నాను. అలా అనుకున్నందుకు లెంపలేమీ వేసుకోలేదు. ఎదురుగా ఉంటే ముఖానే అనేదాన్ని. ఆయన కూడా "లైటింగు బాగులేదు మేడమ్" అని ఊరుకునేవాడు.

పాడేరులో ఆయనకో స్టూడియో ఉండేది. లోపలి గోడ మీద పరదేశపు మంచుకొండలు, సరస్సు, అందులో హంస. బయటి తలుపు తీస్తే నిజం కొండలు, వాటి మీద నిజం మంచు. మా వాళ్ళు ఉన్న కొండలకి వీపు చూపించి, బొమ్మ కొండల ముందు ఊపిరి బిగబట్టి నిలబడేవారు. అక్కడికక్కడ అంత అన్యాయం చెయ్యగల మనిషి ఆటల మైదానానికొస్తే ఏం చేస్తాడో ఎవరైనా ఊహించవచ్చు.

నేను ఆశ్రమ పాఠశాలలో సోషల్ టీచర్ని. వ్యాయామం టీచరు పోస్టు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంది. నా గొంతు మైదానం చివరిదాకా వినబడుతుందని తేల్చి, ఈల నా మెడలో వేశారు. ఏటా చలికాలంలో కొండ మీది బళ్ళన్నిటికీ కలిపి అరకులోయలో ఆటల పోటీలు జరిగేవి. నా మెడలో ఈల, ఆయన మెడలో కెమెరా. ఇద్దరికీ పడకపోవడానికి ఇంకే కారణమూ అక్కరలేకపోయింది.

ఆయన ఎప్పుడూ తెల్ల ప్యాంటే. ఎర్రమట్టి మైదానానికి తెల్ల ప్యాంటు వేసుకొచ్చే మనిషి పని చెయ్యడానికి రాలేదని నా లెక్క. మోకాలు వంచేవాడు కాదు. "పిల్లల్ని పిల్లల ఎత్తులోంచి తియ్యాలండీ, కాస్త కూర్చోండి" అంటే, "ప్యాంటు మేడమ్" అనేవాడు, ఏదో వైద్యుడు పెట్టిన పథ్యం చెబుతున్నట్టు. అందుచేత ఆయన తీసిన కబడ్డీ ఫోటోల్లో పాపిళ్ళు తప్ప ముఖాలుండేవి కావు. వాటిని చూసి ఏ పిల్లకి పేలున్నాయో చెప్పగలిగేదాన్ని గానీ, కూతకెళ్ళిందెవరో చెప్పలేకపోయేదాన్ని.

ఆయన దగ్గర లెన్సులు మూడుండేవి. మామూలుది, వెడల్పుది, పొడుగుది. వాటి గురించి ఆయనకో సిద్ధాంతం కూడా ఉంది. కబడ్డీకి నార్మలు, ఖోఖోకి వైడు, పరుగుకి జూము, అతిథిగారికి మాత్రం ఏది తగిలిస్తే అది. మాటలకి ఇలా మూడున్నా, కెమెరాకి పొద్దుట్నించి సాయంత్రందాకా వెడల్పుదే. దాంట్లో అయితే షామియానా, వేదిక, అతిథి, అతిథి వెనకాల మెడలు సాచిన బలగం అంతా పడుతుంది. ఫోటో మూలని ఎక్కడో కొన్ని నలకలుండేవి. అవి పిల్లలు.

కాలేజీలో మాకో లెక్చరరు ఉండేవాడు, కెమెరా పిచ్చివాడు. పాఠం కన్నా లెన్సుల గురించే ఎక్కువ చెప్పేవాడు. ఆయన పుణ్యమా అని నాకూ నాలుగు ముక్కలు తెలుసు, తెలిసినవి దాచుకునే గుణం నాకు లేదు. వెడల్పు లెన్సు దగ్గరున్నదాన్ని ఉబ్బించి దూరమున్నదాన్ని నలిపేస్తుందనీ, మీరు ఎప్పుడూ అతిథికి దగ్గరగా పిల్లలకి దూరంగా నిలబడతారు కాబట్టి ఉబ్బేదెవరో నలిగేదెవరో చూసుకోండనీ ఆయనకి చెప్పాను. పరుగుకైనా ఆ పొడుగుది పెట్టమన్నాను.

"జూముకి వెలుగు కావాల మేడమ్" అన్నాడాయన. "పొడుగు లెన్సు దూరాన్ని దగ్గరికి తెత్తాది గానీ వెలుగుని తాగేత్తాది. మన లోయలో మంచు ఏ పొద్దెక్కేకో గానీ ఇడవదు. వెలుగు సాలకపోతే షట్టరు నెమ్మదిగా తియ్యాల. అలా తీత్తే పరిగెట్టే ఆడగుంట సాగిపోతాది, జంతిక మాదిరి."

ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. నాకు మంట అక్కడే. అబద్ధమైతే ఒక్క మాటతో కొట్టిపారేసేదాన్ని. అయితే మంచు విడిచాకే పరుగులు పెట్టిద్దామన్నాను. మరీ అంత పొడుగు కాకుండా, నోరు పెద్దగా ఉండి వెలుగు ఎక్కువ పట్టే లెన్సులుంటాయి, అలాంటిది తెచ్చుకోండన్నాను.

"నోరు పెద్దదైతే సంబాళించడం కట్టం మేడమ్" అన్నాడు, నా వైపు చూడకుండా.

ఆ పొడుగు లెన్సుని ఆయన పెద్దల్లుడు అనేవాడు. పేరు తగ్గట్టే దానికి మర్యాదలు. ఎప్పుడో గాని బయటికి రాదు, వచ్చిందంటే తువ్వాలు పరిచి కూర్చోబెట్టాలి, పని చెప్పకూడదు. విశాఖపట్నంలో ఎవరో వాడి వదిలేస్తే కొనుక్కొచ్చాడు. మా కొండల తేమకి చెప్పులకే బూజు పడుతుంది, ఇక లెన్సు లోపలి అద్దానికి పట్టదా? అందుకని ఇంట్లో అన్నిటికన్నా పొడిగా ఉండే చోటు వెతికి, పొయ్యి మీద వేలాడే ఎండుచేపల డబ్బాలో దాన్ని కాపురం పెట్టాడు. బూజు ఆగిందో లేదో గానీ, పెద్దల్లుడు మైదానంలోకి వచ్చిన రోజు కుక్కలు కూడా వచ్చేవి. వాసన పీల్చుకుంటూ ఆయన చుట్టూ తోకలాడిస్తూ తిరిగేవి. ఆయన వాటిని అదిలిస్తూనే, దూరంగా చూస్తూ, అతిథికి లెన్సుల విలువ వివరిస్తూండేవాడు.

పిల్లలు ఆయన్ని లెన్సు మావ అనేవారు. కెమెరా కంటికి ఆనించి, ఒక వేలు గాల్లోకి లేపి, కాసేపు అటూ ఇటూ తిప్పి, "వెలుగు లేదు మేడమ్, ఏటీ కనిపించట్లేదు" అనేవాడు. ఆడపిల్లలు గుంపంతా ఒక్కగొంతుతో "మూత, మావా!" అని అరిచేవారు. లెన్సు మూత తియ్యకుండానే వెతుకుతున్నాడన్నమాట. మూత తీసి జేబులో వేసుకుని, తప్పు మూతదే అయినట్టు జేబు మీద ఒకటి తట్టేవాడు. ఫోటో బాగా వస్తే ఆయన చెయ్యి మంచిది. పాడైతే లెన్సుది తప్పు. ఇన్నేళ్ళలో ఈ పంపకం తిరగబడటం నేను చూడలేదు.

ఆయన చేసిన ఘోరాల్లో పెద్దది రెండో పరుగు. అసలు పందెం నడిచేటప్పుడు ఆయన కెమెరా అతిథి వైపు ఉంటుంది. అతిథి దండ తియ్యడం, బొండం తాగడం, పక్కవాళ్ళతో నవ్వడం. ఈలోగా పిల్లలు పరిగెత్తేసేవారు, గెలిచేసేవారు, గడ్డిలో పడి ఎగశ్వాస తీసేవారు. అప్పుడు ఆయనకి పందెం గుర్తొచ్చేది. చెయ్యెత్తి, గెలిచిన ఒకరిద్దర్నీ వెనక్కి పంపించి, తెగిన టేపుకి ముడేయించి, "మళ్ళీ ఒక్కపాలి రండర్రా, మెల్లిగా, నవ్వుతూ" అనేవాడు. పిల్లలు జడలు సరిచేసుకుని, నీళ్ళలో నడిచినట్టు పరిగెత్తుకొచ్చి, టేపు తెంపేవారు. అతిథి ఆ పరుగుకే చప్పట్లు కొట్టేవాడు, ఎందుకంటే అప్పుడే ఆయన కూడా ఫ్రేములో ఉంటాడు. పాడేరులో పెద్దాఫీసరు గది గోడ నిండా ఆ ఫోటోలే ఉండేవి. ఒక్క పిల్ల ముఖంలోనూ ఆయాసం లేదు. గెలుపంటే అంత సుఖమా అని ఆ గదికొచ్చిన వాళ్ళంతా మెచ్చుకునేవారు.

ఒక ఏడాది ఈ రెండో పరుగు కొంప ముంచింది.

మా బళ్ళో గురుబారి అని ఒక పిల్ల. పొట్టిది, మాట తక్కువది, ఏ పని చెప్పినా చెప్పినట్టు చేసేది. పెద్ద పరుగులో ఎవరు ముందొస్తే వాళ్ళకి ఆ ఏడు కింద పట్నంలో క్రీడా పాఠశాలలో సీటు అన్నారు. ఒక్కటే సీటు. గురుబారి వాళ్ళ ఇంట్లో మరుసటి వేసవికే పెళ్ళి చెయ్యాలని చూస్తున్నారు. ఆ సీటొస్తే పిల్ల పట్నం వెళ్ళి చదువుకుంటుంది, లేకపోతే వేసవిలో అత్తారింటికి. అంతే. ముగింపు గీత దగ్గర టేపు పట్టుకుని నిలబడ్డ న్యాయనిర్ణేతని నేనే. రెండో కొస పట్టుకున్న మాస్టారు ఆ ఏటి అతిథి, పెద్దాఫీసరు వైపు చూస్తున్నాడు. గురుబారి ముందొచ్చింది, నా చేతిలో టేపు లాగి తెంపింది. అవతలి బడి పిల్ల చిట్టెమ్మ ఆ వెనకే. ఇందులో నాకేమీ అనుమానం లేదు.

ఆ రోజు నా పోరు పడలేక మన ఫోటో పెద్దమనిషి పెద్దల్లుడిని తగిలించాడు. మంచు విడిచి ఎండ పళ్ళెంలో పోసినట్టు ఉంది. మామూలుగానే రెండో పరుగు. మెల్లిగా రమ్మన్నాడు. గురుబారి మెల్లిగానే వచ్చింది. చిట్టెమ్మకి మాత్రం ఆ మాట వినబడలేదో, వినబడినా ఇది తనకి దొరికిన రెండో అవకాశం అనుకుందో, ప్రాణం పెట్టి పరిగెత్తింది. పళ్ళు కరుచుకుని, మెడ నరాలు తేలి, జడ గాల్లో నిలిచి, రెండు పాదాలూ నేలని వదిలేసి టేపు మీద పడింది. ఆయన నొక్కాడు.

ఆ ఫోటో పేపరులో జిల్లా పేజీ మీద పడింది. చూసి నాకు నోట మాట రాలేదు, అది నాకు తరచూ జరిగే విషయం కాదు. పొడుగు లెన్సు గనక ఫ్రేము నిండా ఆ పిల్లొక్కతే. వేదిక లేదు, పక్కన నడిచొస్తున్న గురుబారి లేదు. వెనకాల మసకగా చప్పట్లు కొడుతున్న ఆఫీసరు చేతులు మాత్రం ఉన్నాయి. లెన్సు మావ బతుకులో పరిగెత్తే పిల్లని పరిగెత్తుతున్నట్టు తీసిన ఫోటో అదొక్కటే, అదీ అబద్ధం పందెంలో. కింద మాత్రం పరుగులో ప్రథమురాలు చిట్టెమ్మ అని అచ్చు వేశారు.

ఇంకేముంది, అవతలి బడి హెడ్మాస్టరు పేపరు పట్టుకుని ఆఫీసరు దగ్గరికి వెళ్ళాడు. మమ్మల్నీ పిలిపించారు. నేను వెళ్ళేసరికి హెడ్మాస్టరు అప్పటికే ఆఫీసరు గది మధ్యలో ఉన్నాడు. గురుబారికి ఆ వారం మలేరియా. దుప్పటి చుట్టుకుని వరండా బల్ల మీద కూర్చుంది.

"టేపు ఎవరికి తగిలిందో ఫోటోలో ఉంది సార్" అన్నాడు హెడ్మాస్టరు. "మేడమ్‌గారు వాళ్ళ బడి పిల్లనే చూస్తారు. కెమెరాకి బడి లేదు కదా."

ఇది రెండో పరుగు ఫోటో, కావాలంటే టేపుకి ముడి చూడండన్నాను. పొద్దుట్నించీ తెగుతున్న టేపుకి ముడులు కాక పువ్వులుంటాయా అన్నాడు. నిజమే, అది ప్రతి పందెంలోనూ తెగింది. నేను గొంతు పెంచాను. పెంచిన కొద్దీ ఆఫీసరు ముఖంలో నమ్మకం తగ్గడం కనిపిస్తూనే ఉంది. నా నోటి సంగతి తెలిసినవాళ్ళెవరూ నేను తటస్థంగా ఉంటానని అనుకోరు. అయితే ఇద్దర్నీ మళ్ళీ పరిగెత్తించండి అన్నాడు హెడ్మాస్టరు, వరండాలో దుప్పటి వైపు ఒకసారి చూసి. పిల్లకి జ్వరమన్నాను. "భయం" అన్నాడు. గురుబారి గుమ్మం పట్టుకుని నిలబడి, "పరిగెడతాను మేడమ్" అంది. పళ్ళు టకటకలాడుతున్నాయి.

అప్పుడు లెన్సు మావని పిలిపించారు. తెల్ల ప్యాంటుతో, మెడలో కెమెరాతో వచ్చాడు. బల్ల మీద తన ఫోటోని పెద్దదిగా చేయించి పెట్టారు, గోడకి ఎక్కించడానికి. దాన్ని చూసి ఆయన ముఖం పెళ్ళికొడుకు ముఖమైంది. ఆయన జన్మలో అంత పొగడ్త వినలేదు. ఆఫీసరు కూడా ఫోటో బాగుందన్నాడు, ఇక ముందు ఈ గదికి ఇలాంటివే కావాలన్నాడు. ఆ తర్వాత అడిగాడు, ఇది పందెంలో తీసిందేనా అని.

నేను ఆశ వదిలేసుకున్నాను. అతిథుల బొండాలకి ఫోటోలు తీసిన మనిషి ఆఫీసరు మాటకి అడ్డం చెబుతాడా? ఆయన ఫోటో వైపు చూస్తూ తుడవక్కర్లేని లెన్సుని జేబురుమాలుతో తుడిచాడు.

"తప్పు లెన్సుది సార్" అని మొదలుపెట్టాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆయన మాత్రం ఆగలేదు. పొడుగు లెన్సు వెలుగు తాగుతుందని, షట్టరు నెమ్మదిస్తుందని, పిల్లలు జంతికల్లా సాగిపోతారని, నాకు చెప్పినదంతా ఆఫీసరుకీ చెప్పాడు. "అందుకని రెండోపాలి పరిగెట్టిస్తాను సార్. ఇది రెండోపాలిది. ఆ గురుబారి గుంటని మెల్లిగా రమ్మన్నది నేనే."

"మొదటిసారి ఎవరు గెలిచారు?"

"నాకేటి తెలుసు సార్. నేనప్పుడు తమరి ఫోటో తీత్తన్నాను."

ఆఫీసరు ఫోటోలో తన చేతుల వైపు చూసుకున్నాడు. "నేనిక్కడ చప్పట్లు కొడుతున్నాను కదా?"

"ఆ సప్పట్లు రెండోదానికి సార్. అసలు పందెంకి తమరు బొండం తాగుతున్నారు. ఆ ఫోటో కూడా ఉంది, తెమ్మంటే తెత్తాను."

ఆఫీసరు మెల్లిగా తలెత్తి గోడ వైపు చూశాడు. ఏళ్ళ తరబడి నవ్వుతూ టేపులు తెంపుతున్న పిల్లలు, వెనకాల చప్పట్లు కొడుతున్న ఆయనా, ఆయనకి ముందరి ఆఫీసర్లూ.

"మరి ఇవన్నీ?"

"అన్నీ రెండోపాలివే సార్" అన్నాడు లెన్సు మావ, వినయంగా. "ఓ స్పీడు లెన్సు శాంక్షను సేయిస్తే మొదటిపాలివే తియ్యొచ్చు."

లెన్సూ శాంక్షను కాలేదు, ఆయన్ని మళ్ళీ పిలవనూ లేదు. మరుసటేడు విశాఖపట్నం నుంచి ఎవరో వచ్చి అతిథుల్ని ఇంకా పెద్దగా తీశాడు. గోడ మీంచి ఫోటోలు దించేస్తే వాటి వెనక సున్నం తెల్లగా, పలకలు పలకలుగా చాలాకాలం కనిపించేది. సీటు మాత్రం గురుబారికి వచ్చింది. ఇప్పుడు కురుపాం వైపు ఒక బళ్ళో వ్యాయామం టీచరు. పిల్లల్ని ఒక్కసారే పరిగెత్తిస్తుందని విన్నాను.

ఆ రోజు మెట్లు దిగుతుంటే అడిగాను, ఎందుకు చెప్పేశారండీ అని. పొగుడుదామనే అడిగాను, ఆయన అది పడనివ్వలేదు.

"నా మాట ఇని మెల్లిగా వొచ్చింది మేడమ్ ఆ గుంట. ఇన్నందుకు సీటు పోతే, రేపు మెల్లిగా రమ్మంటే ఇంకెవులొత్తారు?" అన్నాడు. వెంటనే, "అయినా పెద్దల్లుడిని తగిలించమన్నది మీరు. వైడు పెట్టుంటే ఇద్దరూ పడేవోలు, ఒకామె నడుత్తన్నట్టు తెలిసిపోయీది. ఈ గొడవే లేదు."

"వైడు పెట్టుంటే రెండు చీమలు పడేవి. ఏ చీమ ఎవరో తేల్చడానికి మళ్ళీ మిమ్మల్నే పిలవాలి" అన్నాను. మా బస్సు వచ్చేదాకా ఆ మెట్ల మీదే పోట్లాడుకున్నాం. పిల్లల ఆటలకి ఏ లెన్సు మంచిదో ఆ రోజూ తేలలేదు.

ఆ సంగతిలో రెండుసార్లు నిజంగా పరిగెత్తి ఏమీ దక్కనిది చిట్టెమ్మ. ఆఫీసరు వద్దన్న పెద్ద ఫోటోకి ఆయన ఫ్రేము కట్టించి, జీపులో జి.మాడుగుల దాటి వాళ్ళ ఊరెళ్ళి, ఇంటి గోడకి తనే మేకు కొట్టి తగిలించి వచ్చాడట. అలాంటిదే ఇంకొకటి స్టూడియో లోపలి గోడకి తగిలించుకున్నాడు, సరిగ్గా హంస మీద. గెలిచిన పిల్లా అని ఎవరైనా అడిగితే, "కాదు. పరిగెట్టిన పిల్ల" అనేవాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఆగకుండా, "సెయ్యి ఎవులిదనుకున్నారు?" అని కూడా అనేవాడు.

ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి ఇదంతా అనుకున్నాను. నిలబడి చూస్తే ఆయన ముఖం సరిగా కనిపించడం లేదు. బురద పడింది, పైగా మరీ కింద ఉంది. చూడాలంటే వంగాలి. ఏళ్ళ తరబడి ఎవరికోసమూ మోకాలు వంచని మనిషి కోసం నేను వంగాలా అనుకున్నాను. చివరికి కూర్చున్నాను. కుచ్చెళ్ళు బురదలో పడ్డాయి. ఆయన్ని తిట్టుకుంటూనే చేతిరుమాలుతో ఆ మూల తుడిచాను.

నవ్వుతున్నాడు. ఎవరో మైదానంలోనే తీసినట్టున్నారు, వెనకాల మంచు. మెడలో కెమెరా, కెమెరాకి పెద్దల్లుడు, దాని మొహాన మూత. పక్కన అరవడానికి పిల్లలెవరూ లేరు.

"మూత తియ్యండి" అన్నాను. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు నలుగురూ తిరిగి చూశారు. నా గొంతు సంగతి ముందే చెప్పాను.